పదిలో సున్న చేరిస్తే వరాహం

అడ్డంగా, నిలువుగా గీసిన గళ్ళలో, పక్కన ఇచ్చిన ఆధారాలను బట్టి, గడికొక్క అక్షరం చొప్పున మాటలు నింపే క్రీడకు తెలుగులో గళ్ళ నుడికట్టు, పదబంధ ప్రహేళిక, గడి-నుడి అనే పేర్లు వాడుకలో ఉన్నాయి. ఈ క్రీడలో రెండు తెగలున్నాయి. మొదటి తెగ ఆధారం ఒక అర్థాన్నో, పర్యాయపదాన్నో, లోకవిదితమైన ఒక సంగతినో సూటిగా అడుగుతుంది. తెలిసినవారు రాస్తారు, తెలియనివారు వదిలేస్తారు. రెండో తెగ ఆధారం పైకి ఒక మాట చెబుతూ లోపల మరొక పని చేయిస్తుంది. దాన్ని వాక్యంగా చదివినంతసేపూ జవాబు చిక్కదు, ఆ వాక్యాన్ని విప్పి ఏ మాట ముడిసరుకో, ఏ మాట ఆజ్ఞో, ఏ మాట నిర్వచనమో వేరుచేసినప్పుడే చిక్కుతుంది. ఈ రెండో తెగను గూఢాధారాల నుడికట్టు అనీ, దాన్ని తయారుచేసేవారిని కూర్పరి అనీ, ఆధారంలో దాగిన పదక్రీడను మెలిక అనీ పిలవవచ్చు.

‘చివర కూలిన కోటగోడ వెనక్కి తిరిగితే సికింద్రాబాదు శివారు ఊరు (2)’ అనే ఆధారాన్ని తీసుకుంటే ఈ తెగ స్వభావం తేటపడుతుంది. చివరనున్న అంకె జవాబులో ఎన్ని అక్షరాలుంటాయో చెబుతుంది. కోటగోడకు ప్రాకారం అని పేరు. ‘చివర కూలిన’ అన్నారు కనుక చివరి అక్షరం రాలిపోయి ‘ప్రాకా’ మిగులుతుంది. ‘వెనక్కి తిరిగితే’ అన్నారు కనుక అది ‘కాప్రా’ అవుతుంది. ఒకప్పుడు పురపాలక సంఘంగా ఉండి 2007లో హైదరాబాదు మహానగర పాలక సంస్థలో కలిసిపోయిన, 2016లో ఏర్పడిన మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో మండలంగా ఉన్న కాప్రాయే ఆ శివారు ఊరు. కాప్రాలో ఒక కోట ఉండేదనీ, దాని గోడ కూలిందనీ ఈ ఆధారం చరిత్ర చెప్పడం లేదు. కూలిన గోడ బొమ్మను పాఠకుడి కళ్ళకు కట్టి, ఆ బొమ్మ చాటున అక్షరాల పని చక్కబెట్టుకోవడమే కూర్పరి నేర్పు.

ఈ నిర్మాణాన్ని కాస్త నిదానంగా చూడవలసి ఉంది, ఎందుకంటే ఈ క్రీడ విలువంతా అక్కడే ఉంది. గూఢాధారంలో తప్పనిసరిగా రెండు భాగాలుంటాయి. ఒకటి నిర్వచనం; అది ఆధారానికి మొదట్లోనో చివర్లోనో ఉంటుందే తప్ప మధ్యలో ఉండదు. రెండోది మెలిక, అది అక్షరాల కూర్పు ద్వారా అదే జవాబును విడిగా చేరుస్తుంది. అంటే ఒకే ఊరికి రెండు దారులు. పొడుపు కథలో దారి ఒక్కటే కనుక, విప్పినవాడి జవాబు సరైనదో కాదో పొడిచినవాడే చెప్పాలి, ఒక్కోసారి రెండు మూడు జవాబులు సమంగా నప్పి తగవు కూడా వస్తుంది. గూఢాధారంలో నిర్వచనం దారిన వెళ్ళి చేరిన చోటుకే మెలిక దారిన వెళ్ళినా చేరితే జవాబు తనను తానే రుజువు చేసుకుంటుంది, కూర్పరి సాక్ష్యం అక్కరలేదు. సూటి నుడికట్టు కన్నా గూఢాధారాల నుడికట్టు కష్టమని లోకంలో పేరుంది గాని, నిజానికి న్యాయమైనది మాత్రం ఇదే.

గళ్ళు మనవి కావు. లివర్‌పూల్‌లో పుట్టి అమెరికా చేరిన ఆర్థర్ విన్ అనే పాత్రికేయుడు 1913 డిసెంబరు 21న ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో వేసిన పజిలు ఈ జాతికి మూలపురుషుడు. ఆధారాలకు మెలిక పెట్టే విద్య మాత్రం 1920ల బ్రిటన్‌లో పెరిగింది. ‘అబ్జర్వర్’ పత్రికలో టార్కెమాడా అనే మారుపేరుతో ఎడ్వర్డ్ పోవిస్ మాథర్స్ దానిని చాలా కఠినం చేశారు. ఆయన తరువాత 1939లో వచ్చిన డెరిక్ మాక్‌నట్ జిమెనీజ్ అనే మారుపేరు పెట్టుకుని, కూర్పరి పాఠకుణ్ణి తప్పుదారి పట్టించవచ్చు గాని అబద్ధం ఆడరాదన్న నియమాన్ని స్థిరపరచి, 1966లో ఆ శాస్త్రాన్నంతా పుస్తకంగా రాశారు. టార్కెమాడా, జిమెనీజ్ ఇద్దరూ స్పెయిన్ దేశపు మతవిచారణాధికారులు; చిత్రహింసలకు పేరుపడ్డ పదవి నుంచి మారుపేర్లు ఏరుకోవడంలో ఆ కూర్పరుల హాస్యం కనిపిస్తుంది. తెలుగులో ఈ క్రీడకు ‘పదబంధ ప్రహేళిక’ పేరుతో ప్రతిష్ఠ తెచ్చినవారు శ్రీశ్రీ. ‘గళ్ళ నుడికట్టు’ అన్న పేరు వినగానే గుర్తుకు వచ్చేవారు ఆరుద్ర. తరువాతి కాలంలో ‘ఈమాట’ అంతర్జాల పత్రిక ‘గడి-నుడి’ శీర్షికతోనూ, ‘సంచిక’ అంతర్జాల పత్రిక ‘పదసంచిక’ శీర్షికతోనూ ఈ విద్యను సాగించాయి. ఆధునిక కవిత్వానికి దారి తీసిన ఇద్దరు కవులకు ఈ గళ్ళ మీద ఇంత మోజు ఎందుకు కలిగిందన్న ప్రశ్నకు సమాధానం ఇంగ్లీషు పత్రికల్లో కన్నా మన అలంకారశాస్త్రంలోనే బాగా దొరుకుతుంది.

శ్రీశ్రీ ఎంచుకున్న పేరులోని ‘ప్రహేళిక’ ఊరికే వాడిన మాట కాదు. దండి ‘కావ్యాదర్శం’ మూడో పరిచ్ఛేదంలో ప్రహేళికలను పదహారు రకాలుగా విభజించి, వాటికి మూడు ప్రయోజనాలు చెప్పాడు: గోష్ఠుల్లో వినోదం, జనం మధ్య ఉండి కూడా తెలిసినవారితో రహస్యంగా మాట్లాడుకోవడం, ఎదుటివారిని తికమక పెట్టడం. రెండో ప్రయోజనానికి ఇరవయ్యో శతాబ్దంలో ఒక విచిత్రమైన సాక్ష్యం దొరికింది. 1942 జనవరిలో లండన్‌లోని ‘డైలీ టెలిగ్రాఫ్’ పత్రిక, తన పజిలును పన్నెండు నిమిషాల్లో పూరించగలవారికి పోటీ పెట్టగా, అందులో నెగ్గిన కొందరిని బ్రిటిష్ ప్రభుత్వం శత్రువుల సంకేతలిపి ఛేదించే బ్లెచ్లీ పార్క్ పనిలోకి పిలిపించుకుంది.

దండి చెప్పిన పదహారింటిలో రెండు రకాలు నేటి గూఢాధారానికి వెన్నెముక వంటివి. మాటల మధ్య సంధి వల్ల అర్థం మరుగుపడేది ‘సమాగత’. ఒక అర్థంలో రూఢమైన మాటను మరొక అర్థంలో వాడి మోసగించేది ‘వంచిత’. ‘చినుకు పడు కోతులు (4)’ అన్న ఆధారంలో చినుకుకు వాన, పడుకు రాలు; కలిపితే ‘వానరాలు’. విడిగా చూస్తే వాన రాలడం, కలిపి చూస్తే కోతుల గుంపు. ఇది సమాగత. ఆలంకారికులు దీనినే మరొక వైపు నుంచి సభంగ శ్లేష అన్నారు, అంటే పదాన్ని విరిస్తే రెండో అర్థం వచ్చేది. విరవకుండానే రెండర్థాలు ఇచ్చేది అభంగ శ్లేష. ‘ఆవు ఇచ్చేవి, అన్నదమ్ములు పంచుకునేవి (2)’ అంటే పాలు. ‘చెరువులో అందం, ఒంటిమీద దురద (3)’ అంటే తామర. రెండు నిర్వచనాలను పక్కపక్కన పెట్టడం తప్ప ఇక్కడ కూర్పరి చేసిందేమీ లేదు, కాని ఆ రెండూ ఒకదానికొకటి ఎంత దూరంగా ఉంటే ఆధారం అంత బాగా పండుతుంది. పదహారో శతాబ్దంలో పింగళి సూరన ‘రాఘవపాండవీయం’లో రామాయణ, భారత కథలను ఒకే పద్యాల్లో నడిపినప్పుడు కావ్యం పొడుగునా వాడిన పనిముట్లు ఈ రెండు శ్లేషలే. ఆ మహాకావ్యాన్ని తీసుకువచ్చి రెండు గళ్ళ పక్కన కూర్చోబెట్టడం కొందరికి చిన్నచూపుగా తోచవచ్చు. కాని పనిముట్టు ఒకటే అన్నప్పుడు పనితనాలు సమానమని అర్థం కాదు.

బాణభట్టు ‘కాదంబరి’లో శూద్రక మహారాజు పొద్దుపుచ్చే విధానాలు చెబుతూ అక్షరచ్యుతకం, మాత్రాచ్యుతకం, బిందుమతి, ప్రహేళిక అనే పేర్లు వరుసగా పేర్కొన్నాడు. అక్షరచ్యుతకం అంటే ఒక అక్షరం జారిస్తే అర్థం మారే మాట. ప్రాకారం చివర కూలడం అదే. మాత్రాచ్యుతకం అంటే అక్షరం ఉండగానే దాని స్వరపు గుర్తు జారిపోవడం. బిందుమతిలో అక్షరాల చోట చుక్కలు పెట్టి, గుణింతపు గుర్తులు మాత్రం చూపి, పద్యాన్ని కనుక్కోమంటారు. ఖాళీ గళ్ళకు ఇంతకన్నా దగ్గరి చుట్టం లేదు. ఇక అవధానంలోని వ్యస్తాక్షరిలో పృచ్ఛకుడు ఒక వాక్యంలోని అక్షరాలను వరుస తప్పించి, ఒక్కొక్క దానికీ స్థానపు సంఖ్య చెబుతూ నడుమ నడుమ అందిస్తే, అవధాని వాటిని మనసులోని గళ్ళలో నింపుకుని చివరికి వాక్యం అప్పజెబుతాడు. ఇంగ్లీషు నుంచి తెలుగుకు వచ్చింది గళ్ళ చట్రం మాత్రమేననీ, ఆ చట్రంలో ఆడవలసిన ఆటలన్నీ ఇక్కడ ముందే ఉన్నాయనీ చెప్పడానికి ఈ సాక్ష్యాలు చాలు.

అయితే పాత సామగ్రి ఉన్నంత మాత్రాన పని సులువు కాలేదు, లిపి అడ్డం వచ్చింది. ఇంగ్లీషులో గడికి పట్టేది ఇరవై ఆరు గుర్తుల్లో ఒకటి. తెలుగులో గడికి పట్టేది అక్షరం, అంటే హల్లు, దాని గుణింతం, ఒత్తు, సున్న అన్నీ కలిసిన ఒక ముద్ద. అలాంటి ముద్దలు వందల సంఖ్యలో ఉన్నాయి. దీనివల్ల పూరించేవారికి మేలు జరిగింది, కూర్పరికి కష్టం వచ్చింది. అడ్డం మాట ద్వారా ఒక్క ‘ప్రా’ దొరికితే నిలువు మాట దాదాపు దొరికినట్టే. కాని ‘కమలం’లోని క మీదుగా కాలం గాని, కులం గాని, కృష్ణ గాని నిలువుగా దిగలేవు, హల్లు కలిసినా గుణింతం కలవదు. అందుకే తెలుగు గళ్ళలో రెండు, మూడు, నాలుగు అక్షరాల మాటలే ఎక్కువగా కనిపిస్తాయి, పొడుగాటి సమాసం ఒకటి పట్టించడానికి కూర్పరి నాలుగు పొట్టి మాటలను బలి ఇవ్వవలసి వస్తుంది.

అక్షరాలను కలగలిపే మెలిక కూడా ఈ కారణంగానే తెలుగులో బలహీనం. ఇంగ్లీషు కూర్పరి ఏడెనిమిది గుర్తులను చిందరవందర చేస్తే వేల వరుసలు వస్తాయి. మూడక్షరాల తెలుగు మాటకు వచ్చేవి ఆరే. ‘పిలక చెదిరిన ముని (3)’ అంటే పిలకలోని మూడక్షరాలను చెదరగొట్టి ‘కపిల’ రాయాలి. ఆరు వరుసల్లో వాడుకలో ఉన్న మాటలు ఈ రెండే కనుక జవాబు దాచడానికి చోటే లేదు, దాన్ని కాపాడుతున్నది పైఅర్థం ఒక్కటే: జుట్టు రేగిన ఋషి బొమ్మ కళ్ళముందు నిలిచి, ‘చెదిరిన’ అన్నది అక్షరాలకు ఇచ్చిన ఆజ్ఞ అన్న ఊహను కాసేపు రానివ్వదు. తిరగబడే మాటలు ఇంతకన్నా బలమైనవి. ‘పలక తిరగేస్తే దొరికే కొయ్య (3)’ అంటే కలప. ‘యంత్రం వెనక్కి తిరిగితే లక్ష్మి (2)’ అంటే మర తిరగబడి రమ. అడ్డం ఆధారాలకు ‘వెనక్కి’, నిలువు ఆధారాలకు ‘తలకిందులు’ అనడం మర్యాద. అడ్డం మాటను తలకిందులు చేయమనే కూర్పరులు కూడా ఉన్నారు గాని అది అజాగ్రత్త. ఎటునుంచి చదివినా మారని మాటలకు తెలుగులో కొదవ లేదు; కునుకు, పులుపు, జలజ వంటివి నోటికి వస్తూనే ఉంటాయి. తెనాలి రామకృష్ణుడి పేరుతో ముడిపడిన ‘వికటకవి’ ఆ జాతిలో మకుటం లేని మహారాజు, అందుకే అది కూర్పరుల చేతుల్లో మరీ అరిగిపోయింది.

లిపి ఒక చేత్తో తీసుకున్నదాన్ని మరొక చేత్తో దండిగా ఇచ్చింది, ఆ ఇచ్చిన చోటే తెలుగు గూఢాధారం తనదైన సొగసు సంతరించుకుంది. గుణింతపు గుర్తులకు మన పూర్వులు పెట్టిన పేర్లు శాస్త్రపరిభాష కావు, ఇంట్లో వాకిట్లో కనిపించే వస్తువుల పేర్లు. ఇకారపు గుర్తు గుడి, ఉకారపు గుర్తు కొమ్ము, అకారపు గుర్తు తలకట్టు, అనుస్వారం సున్న. బళ్ళో పిల్లవాడు ‘కకు కొమ్మిస్తే కు’ అని వల్లించినప్పుడు ఎద్దు కొమ్మూ, అక్షరపు కొమ్మూ ఒకే మాటలో ఇమిడిపోయాయి. కూర్పరికి ఇంతకన్నా వరం లేదు, ఎందుకంటే అతడు ఆజ్ఞ ఇస్తున్నాడని పాఠకుడికి అనుమానమే రాదు.

‘కలం’ అనే ఒక్క మాటను ముందు పెట్టుకుంటే ఈ వరం ఎంతటిదో తెలుస్తుంది. ‘కొమ్ము మొలిచిన కలమే వంశం (2)’ అంటే కలంలోని క కొమ్ము తెచ్చుకుని ‘కులం’ అవుతుంది. ‘దీర్ఘం కాని కాలమే రచయిత ఆయుధం (2)’ అంటే కాలంలోని దీర్ఘం జారిపోయి ‘కలం’ మిగులుతుంది. పైకి చదివితే ఆయుష్షు చాలని రచయిత గురించి ఎవరో నిట్టూర్చినట్టుంటుంది, లోపల జరిగింది అచ్చమైన మాత్రాచ్యుతకం. ‘కలం నడుమ మనసు తొలుత పెట్టగా విరిసిన పువ్వు (3)’ అంటే మనసు అనే మాట తొలి అక్షరమైన మ వచ్చి కలం నడుమ కూర్చోగా ‘కమలం’. ఈ చివరిది గుణింతం పని కాదు, ఒక మాటను మరొక మాట పొట్టలో పెట్టడం. కాని ‘మనసు పెట్టి రాయడం’ అనే పలుకుబడి తెలుగులో ఉండబట్టే ఆ ఆధారం వాక్యంగా నిలబడింది. మెలిక పలుకుబడి మీద కూర్చోవాలన్నది ఇక్కడ గమనించవలసిన సంగతి. పలుకుబడి లేని చోట మెలిక పెడితే లెక్క సరిపోతుంది, వాక్యం చచ్చిపోతుంది.

‘గద చివర గుడి కడితే ఇంట్లో భాగం (2)’ అంటే గది. ‘గడికి ఒత్తిస్తే ఆవుకు మేత (2)’ అంటే గడ్డి. ఇవి చక్కనివే గాని, ఈ వ్యాసానికి శీర్షికగా నిలిచిన ‘పదిలో సున్న చేరిస్తే వరాహం (2)’ అన్న ఆధారం ముందు చిన్నబోతాయి. పది పక్కన సున్న పెడితే వంద అవుతుందని లెక్కలు నేర్చిన బుద్ధి వెంటనే చెబుతుంది. వరాహం అన్న మాట ఆ పొరపాటును ఇంకా గట్టి చేస్తుంది, ఎందుకంటే విజయనగర కాలంలో చెలామణీ అయిన బంగారు నాణేన్ని వరాహ అన్నారు, జనం నోట అది వరహా అయింది. కనుక ఇదేదో డబ్బు లెక్క అనిపిస్తుంది. నిజానికి సున్న అంకె కాదు, అనుస్వారం. అది చేరవలసిన చోటు పది చివర కాదు, ప పక్కన. వరాహం నాణెం కాదు, జంతువు. ‘పది’ కాస్తా ‘పంది’ అయింది. నాలుగు మాటల్లో మూడు మాటలు పాఠకుణ్ణి వంచించాయి, అయినా ఒక్క మాట కూడా అబద్ధం చెప్పలేదు: పదిలో సున్న చేర్చమన్నారు, చేర్చితే వరాహం వస్తుందన్నారు, వచ్చింది. దండి వంచిత అన్నదానికి ఇంతకన్నా తేలికైన ఉదాహరణ వెతకనక్కరలేదు.

తెలుగు నుడికట్టులో తరచు తగవు తెచ్చేది మాట చివర. ‘పుస్తకం’ మూడు గళ్ళు, ‘పుస్తకము’ నాలుగు గళ్ళు. ‘కపిల’ మూడు, ‘కపిలుడు’ నాలుగు. గళ్ళు సరిపోనప్పుడు కూర్పరి చివర్న ఒక ము చేర్చడమో, డు తీసేయడమో, ఏకవచనంలో అడిగి బహువచనం రాయించడమో చేస్తాడు. పొల్లు అక్షరాల సంగతీ అంతే. ‘సైనిక్‌పురి’లోని క్‌కు విడిగా ఒక గడి ఇవ్వాలా, పక్క అక్షరంతో కలపాలా అన్న విషయంలో కూర్పరికొక పద్ధతి. వీటికి శాశ్వతమైన తీర్పు సాధ్యం కాకపోవచ్చు గాని, గళ్ళకు పైన ఒక్క వాక్యంలో తన పద్ధతి ముందే ప్రకటించడం కూర్పరికి కష్టమైన పనేమీ కాదు. అలాగే 1852లో వెలువడిన బ్రౌన్ నిఘంటువులోనో, 1885 నాటి ‘శబ్దరత్నాకరం’లోనో మూలన పడి ఉన్న మాటను వాడుకోవడం తప్పు కాదు, అలాంటి మాటకు మెలిక మాత్రం నిర్మలంగా ఉండాలి, మాటా తెలియక, మెలికా విప్పలేక పాఠకుడు చతికిలబడితే అది అతని ఓటమి కాదు, ఆధారం ఓటమి.

ఈ నిజాయితీ ప్రశ్న ఒకసారి దేశపు సర్వోన్నత న్యాయస్థానం దాకా వెళ్ళింది. డబ్బు కట్టి పూరించి పంపే బహుమతి పజిళ్ళు స్వాతంత్ర్యం వచ్చిన తొలి దశకంలో విపరీతంగా నడిచాయి. వాటిలో ఒక ఆధారానికి రెండు మూడు జవాబులు సమంగా నప్పేవి, ఏది ‘సరైన’దో నిర్వాహకుల మూసిన కవరులో ఉండేది. 1955లో పార్లమెంటు బహుమతి పోటీల చట్టం చేసి, నెలకు వెయ్యి రూపాయలు మించిన బహుమతుల పోటీలను నిషేధించింది. ఆ చట్టం నిర్వచనంలో నుడికట్టు పోటీ పేరు పెట్టి మరీ చేర్చారు. దాన్ని సవాలు చేసిన నిర్వాహకుల కేసులో 1957లో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు చట్టాన్ని నిలబెట్టింది, నైపుణ్యం మీద ఆధారపడిన పోటీ వేరు, అదృష్టం మీద ఆధారపడిన జూదం వేరు అని తేల్చింది. రెండు దారులు ఒకే జవాబుకు చేర్చే గూఢాధారానికి ఆ జూదంతో పోలిక లేదు. నేటికీ పత్రికల్లో కనిపించే సూటి ఆధారాల్లో మాత్రం ఆ మూసిన కవరు వాసన అప్పుడప్పుడు తగులుతూనే ఉంటుంది.

కూర్పరికి ముడిసరుకు నిఘంటువులోనే ఉండాలని లేదు, ఉన్న ఊళ్ళోనే దొరుకుతుంది. ఈసీఐఎల్ ఉద్యోగులు, సైనిక్‌పురి మాజీ సైనికులు, పాత ఊరివాళ్ళు, నలుమూలల నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు కలిసి ఉంటున్న కాప్రా చుట్టుపక్కల పేర్లనే చూడవచ్చు. ‘తలకాయ తీస్తే జోలపాట మిగిలే గుట్ట (3)’ అంటే మౌలాలి. మౌ పోతే లాలి. ‘మా రాజే శివపూజకు ఆకులిచ్చేది (3)’ అంటే మా, రేడు కలిసి మారేడు. ఇదే మాటను మరోలా ‘మారేడు చాటున దాగిన రాజు (2)’ అని అడిగితే రేడు బయటపడతాడు. ‘భద్రాచలం వైపు మండలం, ఆపై వేరుశనగ: కాప్రా దగ్గర రైలు ఆగే చోటు (4)’ అంటే చర్ల, పల్లి కలిసి చర్లపల్లి, 2025 జనవరిలో కొత్త టెర్మినల్ ప్రారంభమైన స్టేషన్ అది. ఈ చివరి ఆధారంలో ఒక లోపం ఉంది. వేరుశనగను పల్లి అనేది తెలంగాణలో. కోస్తా నుంచి వచ్చి కాప్రాలో ఇల్లు కట్టుకున్నవారికి పల్లి అంటే ఊరే. ‘తెలంగాణ వేరుశనగ’ అని ఒక్క మాట చేరిస్తే లోపం తీరుతుంది, పైగా మాండలికం గళ్ళలోకి దర్జాగా వస్తుంది. తెలుగు నుడికట్లు చాలాకాలం గ్రాంథిక పర్యాయపదాల మీద, ఒక ప్రాంతపు వాడుక మీద బతికాయి. ఆనగపుకాయ, సొరకాయ, ఆనపకాయ అన్న మూడు పేర్లకూ సమానంగా చోటిచ్చే కూర్పరి కోసం గళ్ళు ఇంకా ఎదురుచూస్తున్నాయి.

మంచి ఆధారం ఎక్కువసేపు కష్టపెట్టదు. కాసేపు తప్పుదారిలో నడిపించి, జవాబు తట్టిన మరుక్షణం దారి మొత్తాన్ని వెనక్కి తిరిగి చూసుకునేలా చేస్తుంది. జవాబు వచ్చాక కూడా ఎందుకు వచ్చిందో అర్థం కాని ఆధారం చెడ్డది, అది ఎంత పండితుడు కూర్చినా సరే.

ఇంతవరకు చెప్పిన పద్ధతులతో పూరించదగిన ఆధారం ఒకటి పాఠకుల కోసం మిగిలి ఉంది: ‘చురుకు కొమ్ములన్నీ విరిగితే పూర్వకాలపు వైద్యుడు (3).’ జవాబులో డుప్రత్యయం లేదని కూర్పరి ముందే చెబుతున్నాడు.